పద్మశ్రీ వచ్చింది సరే, పాట అడిగే ఊరేది?

2024 మే నెలలో, కిన్నెర అనే తీగల వాద్యం వాయించే దర్శనం మొగులయ్య గురించి ఒక వార్త వచ్చింది. హైదరాబాద్ శివారులోని తుర్కయంజాల్‌లో ఆయన భవన నిర్మాణ కూలీగా పని చేస్తున్నారని దాని సారాంశం. అప్పటికి రెండేళ్ళ ముందే ఆ పెద్దాయన రాష్ట్రపతి చేతుల మీదుగా పద్మశ్రీ అందుకున్నారు. వార్త బయటికి రాగానే జనం రెండుగా చీలిపోయారు. కళాకారుణ్ణి గాలికి వదిలేశారని ఒక వర్గం ప్రభుత్వాన్ని తిట్టింది. రాష్ట్ర ప్రభుత్వం కోటి రూపాయలు ఇచ్చింది కదా, అదంతా ఏమైందని ఇంకో వర్గం ఆయన్నే నిలదీసింది. పిల్లల పెళ్ళిళ్ళు చేశానని, కొంత స్థలం కొన్నానని, మొదలుపెట్టిన ఇల్లు డబ్బు చాలక మధ్యలో ఆగిపోయిందని, నెలనెలా వచ్చే 10 వేల గౌరవ వేతనం కూడా నిలిచిపోయిందని ఆయన చెప్పుకున్నారు. ముసలితనంలో ఒక మనిషి తన ఇంటి జమాఖర్చులు ఊరందరికీ అప్పజెప్పవలసి రావడం నాకైతే సిగ్గుగా అనిపించింది.

ఆ గొడవలో ఎవరూ అడగని ప్రశ్న ఒకటి ఉంది. పద్మశ్రీకి ముందు, ఆయనకు పేరు తెచ్చిన సినిమా పాటకు ముందు, మొగులయ్య తాతలు ఈ కిన్నెర వాయించే బతికారు. వాళ్ళకు ఏ ప్రభుత్వమూ పింఛను ఇవ్వలేదు. మరి వాళ్ళను పోషించింది ఎవరు? ఆ పోషణ ఎప్పుడు, ఎందుకు ఆగింది? ఇది తేలితే తప్ప, ఒక కళాకారుడికి కోటి ఇచ్చినా కళ ఎందుకు నిలబడదో అర్థం కాదు.

ముందుగా మనిషి ఎవరో చూద్దాం. దర్శనం మొగులయ్యది నాగర్‌కర్నూల్ జిల్లా లింగాల మండలంలోని అవుసలికుంట. షెడ్యూల్డ్ కులాల జాబితాలో ఉన్న డక్కలి అనే చిన్న సంచార కులం ఆయనది. తరతరాలుగా ఇంట్లో వస్తున్న 12 మెట్ల కిన్నెరను వాయిస్తూ కథలు పాడే అతి కొద్దిమందిలో ఆయన ఒకరు. 2023లో వచ్చిన ఒక సినిమా చివరలో చావు పాట పాడి రెండు రాష్ట్రాలనూ ఏడిపించిన పస్తం మొగిలయ్య వేరు. ఆయన వరంగల్ ప్రాంతపు బుడగ జంగం గాయకుడు, 2024 డిసెంబరులో కన్నుమూశారు. ఒకరి ఫొటో కింద మరొకరి కథ రాసిన వాళ్ళను చాలామందిని చూశాను. ఇద్దరూ సంచార కులాల వాళ్ళే, ఇద్దరికీ పేరు సినిమాతోనే మోగింది, ఇద్దరి గురించీ మనకు తెలిసింది ముసలితనంలోనే. కలిపేయడం తేలికే.

ఇక వాద్యం. వెదురు దండి, దాని కింద ఎండబెట్టి డొల్ల చేసిన సొరబుర్రలు మూడు, పైన తీగలు, దండి మీద స్వరస్థానాలకు వరసగా మెట్లు. దండి చివర కొయ్య పిట్ట ఒకటి ఉంటుంది. మొగులయ్య వాయిస్తున్నప్పుడు అది తల ఊపుతూ ఉంటుంది. పిల్లలు ముందు దాన్నే చూస్తారు. పాతకాలంలో తీగలకు జంతువుల నరాలు, వెంట్రుకలు వాడేవారు. మెట్లకు అలుగు అనే అడవి జంతువు పెంకులు అమర్చేవారు, వాటిని తేనె మైనంతో అతికించేవారు. అంటే ఈ వాద్యంలో బజారులో కొన్న వస్తువు దాదాపుగా ఉండదు. బుర్ర చేను నుంచి, వెదురు, తేనె, అలుగు అడవి నుంచి వస్తాయి. నల్లమల లాంటి అడవి అంచున ఉండే మనుషులకు అమరే తయారీ ఇది.

మైనంతో అతికించడం మొరటు పద్ధతి అనుకుంటే పొరపాటు. మైనపు మెట్టును వేడి చేసి కొద్దిగా ముందుకో వెనక్కో జరపవచ్చు. తన గొంతు శ్రుతికి తగ్గట్టుగా వాయించేవాడే మెట్లను సర్దుకుంటాడు. ఆ సర్దుబాటు ఏ పుస్తకంలోనూ ఉండదు. తండ్రి చెవి నుంచి కొడుకు చెవికి చేరుతుంది. అందుకే మ్యూజియం గాజుపెట్టెలో ఉన్న కిన్నెర సగమే కిన్నెర.

ఇది అడవి మూలలో పుట్టి అక్కడే ఉండిపోయిన వాద్యం కూడా కాదు. 13వ శతాబ్దంలో దేవగిరి యాదవుల కొలువులో ఉన్న శార్ఙ్గదేవుడు తన సంగీత శాస్త్ర గ్రంథంలో చిన్నది, పెద్దది అంటూ కిన్నరిలో రకాలు చెప్పి వివరంగా వర్ణించాడు. ఇంచుమించు అదే కాలంలో పాల్కురికి సోమనాథుడు రాసిన శివభక్తుల కథల్లో కిన్నర బ్రహ్మయ్య ఉన్నాడు. కిన్నెర వాయించి శివుణ్ణి కొలవడమే ఆయన భక్తి. ఆరు వందల ఏళ్ళు దాటాక, 1891లో, కెప్టెన్ సి.ఆర్. డే అనే ఆంగ్ల సైనికాధికారి దక్షిణాది వాద్యాల మీద పుస్తకం అచ్చు వేశాడు. అందులోని కిన్నరికి మూడు బుర్రలున్నాయి, అలుగు పెంకుల మెట్లున్నాయి, చివర గద్ద రొమ్ము ఆకారంలో చెక్కిన కొయ్య ఉంది. మొగులయ్య ఒళ్ళో ఉన్నదాన్ని చూసి రాసినట్టే ఉంటుంది. గుళ్ళ మీది పాత శిల్పాల్లో కూడా ఈ వాద్యం కనిపిస్తుందని డే రాశాడు.

అయితే కొలువుల్లో, మఠాల్లో వినిపించిన వాద్యం ఊరి బయటి గుడారంలో మాత్రమే ఎలా మిగిలింది? పై వర్గాల సంగీతం సరస్వతీ వీణ వైపు సాగింది. తంజావూరులో 17వ శతాబ్దంలో స్థిరపడిన 24 మెట్ల వీణకు ముందు, మెట్లు తక్కువ ఉన్న పాత వాద్యాలు పక్కకు జరిగాయి. అక్కడ వదిలేసినదాన్ని ఇక్కడ దాచుకున్నారు. మనం జానపదం అని ఒక గాటన కట్టేసేదానిలో ఒకప్పటి కొలువు సంగీతం ఎంత ఉందో విడదీసి చూసిన వాళ్ళు తక్కువ.

అసలు చిక్కుముడి ఇక్కడి నుంచే మొదలవుతుంది. డక్కలి వాళ్ళు కిన్నెర ఎవరి ముందు వాయించేవారు? ఎవరి ముందు పడితే వాళ్ళ ముందు కాదు. తెలుగు నేల మీద, ముఖ్యంగా తెలంగాణలో, కథ చెప్పే కులానికీ కథ వినే కులానికీ మధ్య కట్టుదిట్టమైన ఒప్పందం ఉండేది. పద్మశాలీల మూలకథ కూనపులి వాళ్ళు చెప్పాలి. విశ్వకర్మల కథ రుంజ వాయిస్తూ రుంజ వాళ్ళు చెప్పాలి. ముదిరాజుల దగ్గరికి కాకిపడిగెల వాళ్ళు పటం పట్టుకుని వచ్చి పాండవుల కథ చెబుతారు. గౌడులకు గౌడజెట్టీలు, మంగలి వాళ్ళకు అద్దంసింగు వాళ్ళు, యాదవులకు మందెచ్చుల వాళ్ళు. మాదిగలను అడిగి తినే కులాలు చాలానే ఉన్నాయి. చిందు, బైండ్ల, మాష్టి, నులకచందయ్య, డక్కలి అందులోవే. ఆదిలాబాద్ అడవుల్లో గోండులకు ప్రధాన్‌లు, తోటీలు ఇదే పని చేస్తారు. పరిశోధకులు వీటిని ఆశ్రిత కులాలు అంటారు.

వీళ్ళకు ఊళ్ళ మీద మిరాశి ఉండేది. ఏ కుటుంబం ఏ ఊళ్ళకు వెళ్ళాలో పంచుకుని ఉండేవారు. అది ఆస్తి. అన్నదమ్ములు పొలం పంచుకున్నట్టే ఊళ్ళను పంచుకునేవారు, ఆడపిల్లకు కట్నంగా ఊరిని ఇచ్చిన సందర్భాలు కూడా ఉన్నాయి. ఆ హక్కును రుజువు చేసే రాగి శాసనాలు తమ దగ్గర ఉన్నాయని చెప్పుకునే కుటుంబాలు నేటికీ ఉన్నాయి. పంటలు చేతికొచ్చాక ఆశ్రిత కులం వాళ్ళు ఊరికి వస్తారు, ఉన్నన్నాళ్ళూ కథ చెబుతారు. పోషక కులం వాళ్ళకు తిండి పెట్టాలి, ఇంటింటికీ లెక్క కట్టి కట్నం ఇవ్వాలి. ఇది భిక్ష అని బయటివాళ్ళు అనుకుంటారు. తీసుకునేవాళ్ళ దృష్టిలో అది బాకీ. మీ కులం పుట్టుక మా నోట్లో ఉంది కాబట్టి మీ పంటలో మాకు వంతు ఉంది అనేది వాళ్ళ తర్కం. చదువు నిరాకరించిన సమాజంలో ఒక కులం తన చరిత్రను దాచుకోవడానికి ఇంకో కులాన్ని పెట్టుకుంది. ఆ ఏర్పాటు తెలివికి ఆశ్చర్యపోకుండా ఉండలేం.

డక్కలి వాళ్ళు మాదిగలకు చెప్పేది జాంబపురాణం. భూమి పుట్టకముందే జాంబవంతుడు పుట్టాడని, లోకంలో అతడే ఆద్యుడని చెప్పే కథ అది. కులాల పుట్టుకను మాదిగ వాడ వైపు నుంచి చెబుతుంది. ఏడాది పొడుగునా ఊరి చివర తలవంచుకుని బతికే మనిషి, ఆ రాత్రి తన వంశమే అన్నిటికీ మొదలని వింటాడు. దానికి వెల కట్టడం ఎలా?

ఇంత చెప్పాక, దీన్ని స్వర్ణయుగంగా చూపించడం మాత్రం నిజాయితీ కాదు. ఊరు మాదిగను అంటుకోలేదు. మాదిగ వాడ డక్కలిని అంటుకోలేదు. డక్కలి వాళ్ళ గుడారం వాడకు కూడా బయటే. అన్నం పెట్టేవారు, ఇంట్లోకి రానిచ్చేవారు కాదు. అడుగున ఉన్నవాళ్ళకు కూడా అడుగున వీళ్ళు ఉండేవారు. కిన్నెర సంగీతం ఏ మట్టిలో వేళ్ళు దించిందో ఆ మట్టి ఇది. సంప్రదాయాన్ని పునరుద్ధరించాలి అని వేదికల మీద ఎవరైనా ఆవేశంగా మాట్లాడినప్పుడు, ఈ గుడారాన్ని కూడా పునరుద్ధరిస్తారా అని అడగాలనిపిస్తుంది.

ఆ ఏర్పాటు ఎలా కూలింది? కొత్త తరానికి పాత పాటలు నచ్చక, టీవీ వచ్చి, ఫోను వచ్చి అనే జవాబు సిద్ధంగా ఉంటుంది. అందులో కొంత నిజం ఉంది కానీ ముందు కూలింది చెవి కాదు, గాదె. మాదిగలకు వ్యవసాయంలో వంతు వచ్చింది తోలు పనితో. ఎద్దులతో బావి నీళ్ళు తోడే మోటకు కట్టే తోలు తొండాలు, నాగలి కట్లు, చెప్పులు చేసి ఇచ్చి, కళ్ళంలో ధాన్యం కొలిపించుకునేవారు. కరెంటు మోటార్లు, బోరుబావులు వచ్చాక మోట పోయింది. మోటతో పాటు తొండం, తొండంతో పాటు కళ్ళంలో వంతు పోయాయి. తనకే వంతు లేని ఇల్లు డక్కలికి వంతు ఎక్కడి నుంచి తెస్తుంది? కొలిచి ఇచ్చే ధాన్యం కాస్తా చిల్లర నోట్లుగా మారాక, హక్కు కూడా నెమ్మదిగా దానంగా మారింది.

మొగులయ్య ఊరున్న పాలమూరు, అంటే పాత మహబూబ్‌నగర్ జిల్లా ప్రాంతంలో దీనికి ఇంకో దెబ్బ తోడైంది. వాన మీదే ఆధారపడిన ఆ నేల నుంచి దశాబ్దాలుగా కూలీలు ముంబై, పుణె, హైదరాబాద్‌లకు, దేశమంతటా ఆనకట్టల పనులకు, రోడ్ల పనులకు వలస పోయారు. పాలమూరు లేబరు అనే మాట మేస్త్రీల వ్యవహారంలో స్థిరపడిపోయింది. ఆ వలస ఎప్పుడు? వానకాలం పంట అయ్యాక. కథకులు ఊళ్ళ మీదికి వచ్చేది ఎప్పుడు? సరిగ్గా అప్పుడే. కిన్నెర పట్టుకుని ఊళ్ళోకి వచ్చేసరికి వినవలసిన వాళ్ళు సిమెంటు తట్టలు మోస్తూ ఇంకో రాష్ట్రంలో ఉన్నారు. తాళం వేసిన ఇళ్ళ ముందు ఎవరు పాడతారు? శ్రోతలు వెళ్ళిన దారినే కొన్నేళ్ళకు గాయకుడూ వెళ్ళాడు. తుర్కయంజాల్ వార్తను ఈ వరసలో పెట్టి చూస్తే, అది ఒక మనిషి దురదృష్టంలా కనిపించదు.

మరైతే మొగులయ్య కిన్నెర మిగతా వాటిలా ఎందుకు మూగబోలేదు? ఆయనకు పేరు తెచ్చిన కథలను చూడండి. పండుగ సాయన్న, మియాసాబు లాంటి వీరుల గాథలు. నిజాం కాలంలో పాలమూరు పల్లెల్లో ఉన్నవాళ్ళను కొట్టి లేనివాళ్ళకు పెట్టాడని చెప్పుకునే సాయన్న ఏ ఒక్క కులానికో పరిమితమైన వినికిడి కాదు. కూలి చేసుకునే ఎవరైనా ఆ కథను తమదిగా వింటారు. కులపురాణానికి శ్రోత ముందే నిర్ణయమై ఉంటాడు. వీరగాథకు ఊరంతా శ్రోతే. ఆ గాథల వల్లనే కిన్నెర బస్టాండులో, సంతలో, ఆ తర్వాత హైదరాబాద్ వేదిక మీద కూడా నిలబడగలిగింది. పాడే తీరులో కూడా ఒక ఆకర్షణ ఉంది. మొగులయ్య ఒక పాదం పాడి ఆగుతారు. అదే పాదాన్ని కిన్నెర తిరిగి పలుకుతుంది, మాటలు కూడా వినిపిస్తున్నాయా అనిపించేటంత దగ్గరగా. కథ తెలియని వాడు కూడా అక్కడ కాసేపు ఆగిపోతాడు.

అయితే ఇందులో చెల్లించిన వెల కూడా ఉంది. వేదికకు కావలసింది సాయన్న, జాంబవంతుడు కాదు. అందరూ చప్పట్లు కొట్టగల భాగం బయటికి వచ్చింది, కులాల లెక్కను తలకిందులు చేసే భాగం వెనకబడింది. 2021లో పవన్ కల్యాణ్ సినిమా పాట ఒకటి మొగులయ్య గొంతుతో, ఆయన కిన్నెరతో మొదలైంది. ఒక్క రోజులో ఆయన ముఖం కోట్లమందికి తెలిసింది. ఆ సినిమా నటుడు 2 లక్షలు అందించారు, మరుసటి సంవత్సరం పద్మశ్రీ వచ్చింది. సినిమా లేకుండా పద్మశ్రీ వచ్చేదా అనేది ఎవరి ఊహ వాళ్ళది. నా ఫిర్యాదు సినిమా మీద కాదు. రాత్రంతా సాగే కథలో నుంచి ఒక్క నిమిషం తీసుకుని, ఆ నిమిషమే కిన్నెర అనుకుంటున్న మన మీద.

పక్క కళలతో పోల్చి చూస్తే విషయం ఇంకొంచెం తేటపడుతుంది. ఒగ్గుకథ ఇవాళ్టికీ గట్టిగానే ఉంది. చుక్క సత్తయ్య లాంటి మహాకథకుడు 2017లో పోయినా బృందాలు తగ్గలేదు. కారణం కొమురవెల్లిలో ఉంది. మల్లన్న మొక్కు తీర్చుకోవడానికి రంగుల ముగ్గుతో పట్నం వేయాలంటే ఒగ్గు పూజారి రావలసిందే. బీరప్ప పండుగకు డోలు మోగవలసిందే. అక్కడ కళాకారుడికి వినోదం మీద కాక మొక్కు మీద ఆదాయం వస్తుంది, మొక్కులు తగ్గడం లేదు. డప్పు సంగతి ఇంకో రకం. చావుకు, జాతరకు పరిమితం చేసి నీచంగా చూసిన ఆ వాద్యాన్ని దళిత ఉద్యమం, తెలంగాణ ఉద్యమం భుజానికెత్తుకున్నాయి. విద్యార్థులు నేర్చుకున్నారు, ఆడపిల్లలు నేర్చుకున్నారు. కొన్ని వారాల్లో దరువు పట్టవచ్చు, దుకాణంలో డప్పు దొరుకుతుంది.

అనంతపురం వైపు నిమ్మలకుంటలో తోలుబొమ్మలు మూడో దారి పట్టాయి. తెర వెనక ఆడే బొమ్మకు పిలుపులు తగ్గాక, అదే తోలు మీద అవే రంగులతో దీపపు గొడుగులు, గోడ బొమ్మలు చేసి అమ్ముకుంటున్నారు. ఆ ఊరి దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. చేతిపని బతికింది, ఆట సన్నగిల్లింది. అయినా ఊరికి కూడు దొరికింది, అది చిన్న విషయం కాదు.

కిన్నెరకు ఈ మూడు దారుల్లో ఏదీ సరిగ్గా అతకదు. దాన్ని తప్పనిసరి చేసే మొక్కు లేదు. వాద్యం ఊరేగింపులో మోసుకుపోయేంత బలంగా మోగదు, పక్కన కూర్చుని వినాలి. గోడకు తగిలించుకునే బొమ్మగా అమ్మవచ్చు కానీ అప్పుడు అది వాద్యం కాదు. తయారీకి ఇంకో అడ్డంకి ఉంది. అలుగు ఇప్పుడు వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్న జీవి. దాని పెంకు దగ్గర ఉంచుకోవడమే నేరం. అలుగును కాపాడవలసిందే, అందులో వాదన లేదు. కానీ పెంకు స్థానంలో ఎముకో లోహమో వచ్చినప్పుడు నాదం ఏ మేరకు మారుతుంది, దేనితో ఎక్కువ దగ్గరి పలుకు వస్తుంది అని వాయించేవాళ్ళతో కూర్చుని తేల్చే పని సంగీత విశ్వవిద్యాలయాలది. జయధీర్ తిరుమలరావు లాంటి పరిశోధకులు ఊరూరా తిరిగి ఇలాంటి వాద్యాలను సేకరించి, కళాకారులను వేదిక మీదికి తెచ్చారు. వరంగల్‌లో తెలుగు విశ్వవిద్యాలయానికి జానపద గిరిజన విజ్ఞాన పీఠం ఉంది. సేకరణ దాకా మన వాళ్ళు బాగానే చేశారు. దాన్ని మళ్ళీ చేతుల్లోకి చేర్చే పని దగ్గర ఆగిపోయాం.

ఇప్పుడు డబ్బు విషయానికి వద్దాం. పద్మ పురస్కారంతో నగదు రాదు, పింఛను రాదు, రైలు టికెట్టు రాయితీ కూడా రాదు. పేరుకు ముందు దాన్ని తగిలించుకోకూడదని కూడా నిబంధన. వృద్ధ కళాకారులకు కేంద్ర సాంస్కృతిక శాఖ ఇచ్చే సాయం నెలకు గరిష్ఠంగా 6 వేలు, అదీ 60 ఏళ్ళు దాటాక, ఆదాయం తక్కువని రుజువు చేసుకున్నాక. మొగులయ్యకు రాష్ట్రం ప్రకటించిన కోటి రూపాయలు, ఇంటి స్థలం ఈ లెక్కల్లో అసాధారణమైనవి. ఇచ్చినందుకు తప్పు పట్టను. కానీ ఆ కోటి ఎవరికి చేరింది? తన జీవితంలో ఎన్నడూ పెద్ద మొత్తం చూడని కుటుంబానికి, ఒకేసారి, ఒకే ఒక్క మనిషి పేరు మీద. అది పెళ్ళిళ్ళకు, ఇంటికి పోవడంలో వింత ఏముంది? ఏ మధ్యతరగతి ఇంట్లో అయినా అదే జరుగుతుంది, అక్కడ మనం లెక్క అడగం. అందులో ఒక్క రూపాయి అయినా కొత్తగా ఒకరికి కిన్నెర నేర్పడానికి ఉద్దేశించి ఇచ్చింది కాదు. కళకు ఇచ్చామని మనం అనుకున్నది నిజానికి కళాకారుడి ముసలితనానికి ఇచ్చిన సాయం. రెండూ అవసరమే, రెండిటినీ ఒకే పద్దులో రాయడం వల్లనే ఈ గొడవ.

ఆయనతో పాటు 2022లోనే పద్మశ్రీ అందుకున్న కోయ డోలి కళాకారుడు సకిని రామచంద్రయ్య 2024 జూన్‌లో చనిపోయారు. కోయల వంశాల కథలు, సమ్మక్క సారలమ్మల గాథలు ఆయన నోట్లో ఉండేవి. పురస్కారానికీ మరణానికీ మధ్య రెండున్నరేళ్ళ లోపు వ్యవధి. మన గుర్తింపు ఎంత ఆలస్యంగా వస్తుందో చెప్పడానికి ఆ వ్యవధి చాలు. ఆ కాలంలో ఆయన వెనక నలుగురు కుర్రాళ్ళను కూర్చోబెట్టి, వాళ్ళకు నెల జీతం ఇచ్చి, తెలిసిన కథలన్నీ మొదటి నుంచి చివరి దాకా పాడించి ఉంటే ఖర్చు ఎంత అయ్యేది? సన్మాన సభల శాలువాల ఖర్చుతో పోల్చదగినదే.

నేర్చుకునేవాళ్ళు ఎవరు అనేది దీనిలో అన్నిటికన్నా ఇబ్బందికరమైన ప్రశ్న. డక్కలి పిల్లలే నేర్చుకోవాలి అనడం సులువు. కానీ అడిగి తినే కులం అనే ముద్ర కిన్నెరతో పాటే వస్తుంది. బడిలో ఆ ముద్రను భరించిన పిల్లవాడు ఉద్యోగం వైపు పరుగెత్తితే తప్పు పట్టే హక్కు ఎవరికుంది? 2024 ఆగస్టు 1న ఎస్సీ వర్గీకరణకు, అంటే ఎస్సీ రిజర్వేషన్‌ను ఆ కులాల మధ్య విడదీసి పంచడానికి, సుప్రీంకోర్టు అనుమతించింది. 2025 ఏప్రిల్ 14 నుంచి తెలంగాణ దాన్ని అమలులోకి తెచ్చింది. అతి వెనకబడిన 15 కులాలను మొదటి గ్రూపులో పెట్టి 1 శాతం ఇచ్చారు. డక్కలి, బుడగ జంగం, మాష్టి ఆ గ్రూపులోవే. వాటా చిన్నదే కావచ్చు, అది సరిపోతుందా అన్న వాదన ఉండనే ఉంది. అయినా ఇంతకాలం పెద్ద కులాల పోటీలో కనిపించకుండా పోయిన ఇళ్ళ నుంచి మొదటిసారి గుమాస్తాలు, టీచర్లు, కానిస్టేబుళ్ళు వచ్చే అవకాశం ఉంది. అది కిన్నెరకు నష్టమని బాధపడే వాళ్ళతో నాకు ఏకీభావం లేదు. నా అనుమానం ఏమిటంటే, తిండికి కిన్నెర మీద ఆధారపడనవసరం లేని డక్కలి యువకుడే దాన్ని తలెత్తుకుని పట్టుకోగలడు. డప్పు విషయంలో జరిగింది అదే. అవమానం పోయాకే అది అందరి చేతుల్లోకి వెళ్ళింది.

బయటి కులాల వాళ్ళు నేర్చుకోవచ్చా? నేర్చుకోవాలి, కానీ గురువుకు జీతం ఇచ్చి, పేరు చెప్పి. ఎనిమిదో తరగతి పుస్తకంలో మొగులయ్య గురించి పిల్లలు చదువుకుంటున్నారు. మంచిదే. ఆ పాఠం చెప్పే బడుల్లో నాగర్‌కర్నూల్ జిల్లాలో ఒక పది బడులకైనా వారానికి ఒక పూట కిన్నెర వాయించేవాణ్ణి పంపి, దానికి గౌరవ వేతనం కాక జీతం అనే పేరుతో చెల్లించవచ్చు. గౌరవ వేతనం దయ తలచినప్పుడు ఆగుతుంది, జీతం ఆగితే అడగవచ్చు. మిరాశిలో ఉన్న మంచి అంతా అక్కడే ఉంది. అది అడిగి తీసుకోగల హక్కు.

మరి జాంబపురాణం? దాన్ని బడిలో పెట్టలేరు, సినిమాలో పెట్టరు. ఆ వర్గీకరణ కోసమే 1994లో మొదలైన మాదిగ దండోరా ఉద్యమం తర్వాత చదువుకున్న మాదిగ యువత ఆ కథను తమ చరిత్రగా మళ్ళీ వెతుక్కుంది. జాంబవంతుడి పేరు బ్యానర్ల మీదికి, సభల్లోకి వచ్చింది. పాత పోషకుల మనవలు వీళ్ళు. తాతలు కళ్ళంలో ధాన్యం కొలిచి ఇచ్చి, ఇంట్లోకి రానివ్వకుండా విన్న కథ అది. మనవలు డక్కలి గాయకుణ్ణి ఇంట్లో కూర్చోబెట్టి, భోజనం పెట్టి, రాత్రంతా చెప్పమని అడగగలరు. రికార్డు చేయవలసింది అలాంటి రాత్రిని. స్టూడియోలో ఒంటరిగా కూర్చోబెట్టి అడిగితే కథకుడు మూడు నిమిషాల్లో ముగించేస్తాడు. ఎదురుగా ఊ కొట్టేవాళ్ళు, మధ్యలో అడ్డుపడి మా ఊరి పేరు కూడా చెప్పవయ్యా అని గదమాయించేవాళ్ళు ఉంటేనే కథ పెరుగుతుంది. పాలమూరు ఊళ్ళలో ఆ ఊ కొట్టడం తెలిసిన వాళ్ళు కూడా ఇప్పుడు కథకుల వయసు వాళ్ళే. వాళ్ళను కూడా పిలవాలి, వాళ్ళకూ ఆ రాత్రి కూలి కట్టివ్వాలి.